డ్రయ్యర్ అవతల ఎవరు నిలబడాలి: తిరుపతి షెడ్డులో ఒక టీషర్ట్ ప్రింటింగ్ కేస్ స్టడీ

రేణిగుంట రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డు. నాలుగు రంగులు, ఆరు ప్యాలెట్లు (షర్ట్ తొడిగే పలకలు) ఉన్న చేతి మెషీన్ ఒకటి, ఒక ఫ్లాష్ (రంగుకీ రంగుకీ మధ్య ఇంకుని పైపైన గట్టిపరిచే హీటర్), 24 అంగుళాల బెల్ట్ డ్రయ్యర్ (ప్రింట్ అయిన షర్టుల్ని బెల్ట్ మీద వేడి సొరంగం గుండా పంపేది), అంతా కలిపి ఆరుగురు మనుషులు. ఎండాకాలం మొదట్లో ఆ ఓనర్ నన్ను పిలిచాడు. నేను తిరుప్పూర్ ప్రింటింగ్ యూనిట్లలో కొన్నేళ్లు చేసి వచ్చి, ఇప్పుడు తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి వైపు చిన్న షాపులకు ప్రొడక్షన్ సర్ది పెడుతుంటాను. మామూలుగా నన్ను పిలిచేది ప్రింట్ సరిగా రావడం లేదనే. ఇక్కడ ఆ గొడవ లేదు. ప్రింటర్ చేయి బాగుంది, స్క్రీన్లు (డిజైన్ మేర ఇంకు దిగే జల్లెడలు) శుభ్రంగా ఉన్నాయి, రిజిస్ట్రేషన్, అంటే రంగులు ఒకదానితో ఒకటి కుదరడం, వెంట్రుకవాసి కూడా తప్పడం లేదు. ఓనర్ బాధ వేరే. "అన్నా, ప్యాలెట్ మీద ఉన్నంతసేపూ అంతా బ్రహ్మాండంగా ఉంటాది. సరుకు ఇచ్చినాకే ఫోన్లు మొదలవతాయి" అన్నాడు.

అంతకు ముందే ఒక కోచింగ్ సెంటర్ ఆర్డర్ సగం తిరిగొచ్చి ఉంది. 600 టీషర్టులు, మెరూన్ రంగు, పాలిస్టర్ కాటన్ కలిసిన బట్ట, ఛాతీ మీద తెల్ల లోగో, వీపు మీద తెలుపు పసుపు అక్షరాలు. వాళ్లు చెప్పిన కంప్లయింట్లు చూస్తే ఒకదానికీ ఒకదానికీ సంబంధం లేనట్టు ఉన్నాయి. మొత్తం లెక్క తక్కువ, అందులోనూ ఎల్ సైజు తగ్గి ఎం సైజు ఎక్కువొచ్చింది. కొన్నిటి మీద పక్క షర్ట్ లోగో నీడలా అంటుకుంది. తెల్ల లోగో రెండు మూడు రోజులకు లేత గులాబీకి తిరిగింది. ఇంకొన్ని మొదటి ఉతుకుకే పగిలాయి. ఓనర్‌కి ఇంకు మీద అనుమానం, ప్రింటర్‌కి బట్ట మీద అనుమానం, ఇంకు అమ్మినాయనకి వీళ్లిద్దరి మీదా అనుమానం.

నేను ముందు డ్రయ్యర్ అవతలి మూతి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఎక్కడికి వెళ్లినా నాకు ఇదే అలవాటు, ఎందుకంటే మెషీన్ దగ్గర జరిగిన ప్రతి తప్పూ అక్కడికి వచ్చి తీరాలి.

అక్కడ ఏముందంటే, బెల్ట్ చివర నేల మీద ఒక పెద్ద అట్టపెట్టె. షర్టులు వచ్చి వాటంతట అవే అందులో పడుతున్నాయి. పక్కన స్టూల్ మీద ఒక కుర్రాడు, కొత్తగా చేరినవాడు, షాపులో అందరికంటే తక్కువ జీతం వాడిదే. పెట్టె నిండితే ఇంకో పెట్టె పెట్టడం, మధ్యమధ్యలో టీ తేవడం, ఎవరైనా పిలిస్తే అటు పరిగెత్తడం, ఇదీ వాడి డ్యూటీ. తప్పు వాడిది కాదు. ఏం చూడాలో వాడికి ఎవరూ చెప్పలేదు, చూసి చెప్పినా వినేవాళ్లు లేరు. సాయంత్రం పెట్టెలన్నీ టేబుల్ మీద బోర్లించి ఇద్దరు ఆడవాళ్లు సైజులు ఏరి మడతలు వేస్తారు. అంటే ఉదయం పదింటికి మొదలైన లోపం రాత్రి ఏడింటికి గానీ కంటపడదు, అప్పటికి స్క్రీన్ కడిగేసి ఉంటారు.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చెప్పాలి. రెండు రంగుల పని, మధ్యలో ఫ్లాష్, గంటకు వంద ముక్కలు అనుకుందాం. అంటే 36 సెకన్లకు ఒక షర్ట్. తప్పు డ్రయ్యర్ మూతి దగ్గరే కనపడితే, అప్పటికే బెల్ట్ మీద ఒకటో రెండో, ప్యాలెట్ల మీద ఆరు, మొత్తం ఏడెనిమిది షర్టులకు మాత్రమే రిస్క్. అదే తప్పు సాయంత్రం మడతల టేబుల్ దగ్గర కనపడితే లాట్ మొత్తం పోయినట్టే. పైగా ఆ 36 సెకన్లు చాలా ఎక్కువ టైమ్. షర్ట్ భుజాలు పట్టుకుని ఎత్తి, ప్రింట్ ఒకసారి, కాలర్ చుట్టూ ఒకసారి, కింద అంచు ఒకసారి చూడటానికి పది సెకన్లు చాలు.

ముందుగా ఆ పెట్టె తీయించాను. బదులుగా నడుము ఎత్తులో ఒక టేబుల్, దాని పక్కన జల్లెడలా గాలి ఆడే ఇనుప రాక్. షర్టులు వచ్చిన వరసలోనే పరిచి పెట్టమన్నాను, ఏరడం తర్వాత. ఓనర్‌కి ఇది అర్థం కాలేదు. "ఎట్టాగూ ఏరాల్సిందే కదన్నా, అప్పుడే ఏరేస్తే పోలా?" అన్నాడు. పోదు. వచ్చిన వరస చెడిపోతే తప్పు ఎక్కడ పుట్టిందో చెప్పే సాక్ష్యం కూడా పోతుంది. మెషీన్‌కి ఆరు ప్యాలెట్లు ఉన్నాయి కాబట్టి ప్రతి ఆరో షర్ట్‌కి ఒకే చోట మచ్చ వస్తుంటే ఆ మచ్చ ప్యాలెట్ నుంచి వస్తున్నట్టు. దాని మీద ఇంకు చుక్క ఎండిపోయి ఉంటుంది, లేదా షర్ట్ కదలకుండా పూసే గ్లూ ఎక్కువై ఉంటుంది. ప్రతి షర్ట్‌కి ఒకే చోట చుక్క వస్తుంటే స్క్రీన్‌లో పిన్‌హోల్, అంటే సూదిమొనంత రంధ్రం. అక్షరంలో ఒక గీత ఖాళీగా వచ్చి, నాలుగైదు షర్టుల తర్వాత పోతే, స్క్రీన్ కింద నూలు పోగు అంటుకుని తర్వాత ఊడిపోయింది. ఒక్క దానికే వచ్చి ఆగిపోతే ఆ షర్ట్‌దే లోపం, మెషీన్ జోలికి పోనక్కర్లేదు. సైజులవారీగా ముందే ఏరేస్తే ఈ నాలుగూ కలిసిపోయి "ఈరోజు మచ్చలు ఎక్కువొచ్చినాయి" అనే మాట ఒక్కటే మిగులుతుంది.

మొదటి రోజే ఇది పనికొచ్చింది. నడుము దగ్గర ఎడమ పక్క వేలి గోరంత తెల్ల మచ్చ ఒకటి వస్తోంది. వరసలో పెట్టిన షర్టులు లెక్కపెడితే సరిగ్గా ఆరుకి ఒకటి. ప్యాలెట్లకు చాక్‌పీస్‌తో నంబర్లు వేయించాం, నాలుగో దాని అంచు కింద ఇంకు పూసి ఉంది, షర్ట్ తొడిగేటప్పుడు అంచు మడత అక్కడ రాసుకుంటోంది. గుడ్డతో తుడిస్తే పోయింది. ఇన్ని రోజులూ ఈ మచ్చల కోసం స్పాట్ గన్‌లో (మచ్చ మీదికి చిమ్మే పిచికారీ) సాల్వెంట్ పోసి కూర్చుని కొడుతున్నారు, అదీ మూసిన గదిలో మాస్క్ లేకుండా. మాస్క్ గురించి గొడవ పెట్టుకున్నాను, అది ఈ కేసులో భాగం కాకపోయినా.

పగుళ్ల సంగతి తేలడానికి ఇంకాస్త టైమ్ పట్టింది. వీళ్లు వాడే ప్లాస్టిసాల్ (ప్లాస్టిక్ రేణువులుండే) ఇంకు గాలికి ఆరే సరుకు కాదు. దాన్ని వేడితో ఉడికించాలి. మామూలు ప్లాస్టిసాల్ అయితే ఇంకు పొర పై నుంచి అడుగు వరకూ 160 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి చేరితేనే రేణువులు పూర్తిగా కలిసి రబ్బరులా గట్టిపడతాయి. పైన ముట్టుకుంటే చేతికి అంటలేదు అంటే పైపొర ఉడికిందని మాత్రమే అర్థం. వీళ్ల దగ్గర ఉన్న లేజర్ గన్ కూడా పైపొర వేడే చూపిస్తుంది. అందుకని బట్ట మీద అతికించే, ఎంత వేడి చేరితే ఆ గడి నల్లబడే టెంపరేచర్ స్ట్రిప్‌లు తెప్పించి, షర్ట్‌తో పాటు బెల్ట్ మీద పంపించాం. ఉదయం పంపిన స్ట్రిప్‌లో 160 గడి నల్లబడింది. మధ్యాహ్నం మూడింటికి పంపిన దాంట్లో 149 దగ్గరే ఆగిపోయింది. నాబ్ ఎవరూ ముట్టుకోలేదు, బెల్ట్ స్పీడూ అదే.

మధ్యాహ్నం మారింది రెండే. ఒకటి కరెంట్. ఊరంతా ఏసీలు ఆన్ అయ్యే టైమ్ కదా, వోల్టేజ్ పడిపోతుంది. హీటర్ వేడి వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది కాబట్టి 230 రావాల్సిన చోట 207 వస్తే, వోల్టేజ్ తగ్గింది పది శాతమే అయినా వేడి 19 శాతం తగ్గుతుంది. ఈ డ్రయ్యర్‌ది మామూలు నాబ్ కంట్రోల్, తనంతట తాను సర్దుకోదు. రెండోది ఎవరూ ఊహించనిది, పెడస్టల్ ఫ్యాన్. రేకుల షెడ్డు, తిరుపతి ఎండ, డ్రయ్యర్ మూతి పక్కన నిలబడే మనిషి మాడిపోతాడు, అందుకని కుర్రాడు ఫ్యాన్ తన వైపు తిప్పుకున్నాడు. పాపం వాడి వెనకే డ్రయ్యర్ నోరు. ఫ్యాన్ గాలి సగం వాడికి, సగం సొరంగంలోకి. ఫ్యాన్ ఆపి స్ట్రిప్ పంపితే అదే మూడింటికి 160 గడి దగ్గర దగ్గరగా వచ్చింది, బెల్ట్ కాస్త నెమ్మది చేస్తే పూర్తిగా నల్లబడింది. ఫ్యాన్ తీసేయమని మాత్రం చెప్పలేదు, ఆ ఉక్కలో ఫ్యాన్ లేకుండా ఎవరు నిలబడతారు. అడ్డంగా పెట్టించాం, గాలి రాక్ మీదుగా మనిషికి తగిలి గోడ వైపు పోయేలా. దాంతో షర్టులూ త్వరగా చల్లారుతున్నాయి. తర్వాత నుంచి భోజనాలయ్యాక ఒకసారి, నాలుగింటికి ఒకసారి స్ట్రిప్ పంపాలని పెట్టుకున్నారు. మధ్యలో ప్రతి కట్టకి ఒక షర్ట్ తీసి ప్రింట్‌ని రెండు బొటనవేళ్లతో సాగదీసి చూస్తారు. సరిగా ఉడకనిది చిన్న చిన్న పగుళ్లుగా విడిపోతుంది. ఇది వాష్ టెస్ట్‌కి బదులు కాదు, కానీ అక్కడికక్కడ తెలిసేది ఇదొక్కటే.

నీడలు పడటానికీ, తెలుపు గులాబీ కావడానికీ కారణం ఆ అట్టపెట్టే. షర్టులు వేడివేడిగా ఒకదాని మీద ఒకటి పడి, బట్టల మధ్యలో ఆ వేడి బయటికి పోలేక గంటల తరబడి అలాగే ఉంటుంది. మెత్తగా ఉన్న ఇంకు పై బట్టకి అంటుకుంటుంది. పాలిస్టర్ కలిసిన మెరూన్ అయితే ఇంకో తలనొప్పి. పాలిస్టర్‌కి వేసే డిస్పర్స్ డై అనే రంగు వేడికి కదిలి, తెల్ల ఇంకులోకి ఎక్కుతుంది. డ్రయ్యర్‌లో మొదలైన ఆ పని పెట్టెలో కూడా సాగుతూ ఉంటుంది, ఫలితం మాత్రం రోజుల తర్వాత కనపడుతుంది. కాబట్టి మెరూన్ షర్టులకు తక్కువ వేడిలో ఉడికే పాలిస్టర్ వైట్ ఇంకు తెప్పించి, కోచింగ్ సెంటర్‌కి మార్చి ఇవ్వాల్సినవి దాంతోనే వేశాం. చల్లారేదాకా రాక్ మీద విడివిడిగా ఉంచి, చేత్తో తాకితే వేడి లేదనిపించాకే దొంతర పెట్టారు. ఇంకు మార్చకుండా రాక్ మాత్రమే పెట్టి ఉంటే గులాబీ కాస్త తగ్గేదేమో, పూర్తిగా పోయేది కాదు. ఇది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే రాక్ చూసిపోయిన ఇంకో షాపు ఆయన అదొక్కటే చేసి నాకు ఫోన్ చేశాడు.

ఇక అసలు పరీక్ష గంగమ్మ జాతర ఆర్డర్. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరంటే తిరుపతిలో కుర్రాళ్ల హడావుడి చెప్పనక్కర్లేదు, వేషాలు వేసేవాళ్లు వేషాలు వేస్తారు, వీధుల వాళ్లు టీషర్టులు వేయించుకుంటారు. నాలుగు వీధుల కుర్రాళ్లు కలిసి ఒకే ఆర్డర్ ఇచ్చారు. అన్నీ పసుపు రంగు కాటన్, ముందు అమ్మవారి ముఖం ఎరుపు నలుపుల్లో, వెనక ఎవరి వీధి పేరు వాళ్లది. ఐదు సైజులు, నాలుగు వీధులు, అంటే ఇరవై కుప్పలు, అన్నీ ఒకే రంగు, ముందు వైపు చూస్తే అన్నీ ఒకటే. జాతర చాటింపు లోపు సరుకు చేతికి రావాలన్నారు. ఒక వీధి పేరున్న షర్ట్ ఇంకో వీధి పార్సిల్‌లో పోతే ఏమవుతుందో తిరుపతి వాళ్లకి నేను చెప్పాలా.

ఈ పనికి మూతి దగ్గర ఎవరిని నిలబెట్టాలనే దగ్గర ఓనర్‌కీ నాకూ వాదన. మడతలు వేసే ఆడవాళ్లలో ఒకామె ఇదివరకు గార్మెంట్ యూనిట్‌లో చెకింగ్ చేసింది. షర్ట్ చేతిలోకి తీసుకోగానే ఆమె కళ్లు ఎక్కడికి పోతాయో చూస్తే చాలు, పని తెలిసిన మనిషని తెలిసిపోతుంది. ఆమెకి జీతం పెంచి ఇక్కడ పెట్టమన్నాను. "పట్టుకుని పెట్టేదానికి అంత జీతమా సామీ?" అన్నాడు. కోచింగ్ సెంటర్‌కి మార్చి ఇచ్చిన షర్టుల ఖర్చు కాగితం మీద వేసి చూపిస్తే ఇంకేం మాట్లాడలేదు. కుర్రాడిని ప్యాలెట్ల దగ్గర షర్టులు తీసేందుకు మార్చాం. అక్కడ కూడా కళ్లతో పని ఉంది. పచ్చిగా ఉన్న ఇంకు చుక్క డ్రయ్యర్‌లోకి పోకముందు తుడవడం తేలిక, ఉడికాక స్పాట్ గన్ తప్ప దారి లేదు.

మూతి దగ్గర నిలబడ్డ ఆ చెకింగ్ అక్కకి ఒక సైకిల్ బెల్ ఇచ్చాం, రాక్ కమ్మీకి బిగించి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ల మోతలో అరిస్తే వినపడదు. బెల్ కొడితే ప్రింటర్ స్క్వీజీ (ఇంకు లాగే రబ్బరు పలక) కింద పెట్టాలి, ఏమైందో చూశాకే మళ్లీ ఎత్తాలి. మొదటిసారి కొట్టినప్పుడు ప్రింటర్ మొహం మాడ్చుకున్నాడు, నా ప్రింట్‌కి ఈమె వంక పెట్టేదేందన్నాడు. వచ్చి చూస్తే అమ్మవారి ముక్కెర దగ్గర ఎరుపు జరిగి ఉంది, స్క్రీన్ బిగింపు ఒకవైపు వదులైంది. ఆ తర్వాత బెల్ విని విసుక్కోవడం మానేశాడు, అయితే ఊరికే కొట్టిందనిపిస్తే మాత్రం ఇప్పటికీ సణుగుతాడు, అది మామూలే.

సైజులు కలవకుండా ఒక పాత పద్ధతి పెట్టాం. ఒక్కో సైజు అయిపోగానే లోడర్ (ప్యాలెట్లకు షర్టులు తొడిగేవాడు) ఒక నీలం గుడ్డ ముక్క బెల్ట్ మీద పంపుతాడు. ఇవతల గుడ్డ వచ్చిందంటే అక్కడికి ఒక సైజు ముగిసింది. గుడ్డ వచ్చాక కూడా అక్క కాలర్ లేబుల్ చూస్తుంది, ఎందుకంటే బట్ట కట్టల్లోనే అప్పుడప్పుడు ఎల్ మధ్యలో ఎం దూరి ఉంటుంది. కోచింగ్ సెంటర్ ఆర్డర్‌లో ఎల్ తగ్గి ఎం పెరగడానికి కొంత కారణం అదీ కావచ్చు. కట్ట 25 ముక్కలది, ప్రతి కట్ట మీద ఒక చీటీ, దాని మీద వీధి పేరు, సైజు, సంఖ్య, టైమ్. టైమ్ రాయడం అక్కకి మొదట్లో దండగ పనిలా అనిపించింది. కానీ ఏ కంప్లయింట్ వచ్చినా అది పొద్దుటి సరుకా, మూడు గంటల సరుకా అని చెప్పేది ఆ చీటీ ఒక్కటే.

లెక్క విషయంలో ఒకే ఒక్క కూడిక. లోపలికి ఇచ్చిన షర్టులు ఎన్నో, మంచివి, రిపేర్‌వి, రిజెక్ట్‌లు కలిపి అన్నే ఉండాలి. రిజెక్ట్‌లు ఎవరూ లెక్కపెట్టరు, మూలన పడేస్తారు, లెక్కలన్నీ చెడేది అక్కడే. రెండు మూడు శాతం బట్ట ఎక్కువ తెప్పించుకోవడం అందరూ చేసేదే, ఆ ఎక్కువ ఎటు పోయిందో రాయకపోతే తెప్పించి లాభం లేదు. ఇంకో రూలు కూడా పెట్టాం, అక్క సంఖ్య సరిపోయిందని చెప్పేదాకా ఆ వీధి పేరు స్క్రీన్ మెషీన్ మీంచి దింపకూడదు. రెండో వీధి అయిపోయాక లెక్క చూస్తే డబుల్ ఎక్సెల్ రెండు తక్కువ, లోడర్ తొడగడమే మరిచిపోయాడు, కట్టలోనే ఉన్నాయి. స్క్రీన్ అక్కడే ఉంది కాబట్టి పది నిమిషాల్లో వేసి ఇచ్చేశారు. కడిగేసి ఉంటే ఆ రెండిటి కోసం మళ్లీ స్క్రీన్‌కి ఎమల్షన్ (వెలుతురుకి గట్టిపడే పూత) పూసి, ఆరబెట్టి, ఎక్స్‌పోజ్ చేసి (వెలుతురు చూపించి), సగం పూట పోయేది.

ఈ ఆర్డర్‌లో మేం ముందుగా అనుకోనిది ఒకటి ఎదురైంది. ఏ షాపులోనైనా రిజెక్ట్ షర్టులు స్క్వీజీలు తుడవడానికి, నేల తుడవడానికి పోతాయి. అమ్మవారి ముఖం ఉన్న షర్ట్‌తో నేల తుడవమంటే ఎవరు తుడుస్తారు, ఎవరూ ముట్టలేదు. అందుకని టెస్ట్ ప్రింట్‌లు వీధి పేర్ల స్క్రీన్‌తోనే ముందు తీసుకున్నారు, ముఖం స్క్రీన్ సెట్టింగ్ మాత్రం తక్కువ షర్టుల మీద, జాగ్రత్తగా. చిన్న మచ్చలున్న రిజెక్ట్‌లు వీధుల వాళ్లకే చెప్పి ఊరికే ఇచ్చారు, ఇంట్లో వేసుకుంటామని సంతోషంగా తీసుకున్నారు. మిగతావి విడిగా కవర్లో కట్టి పెట్టారు.

ఫలితం చెప్పాలంటే, కొత్త పద్ధతిలో మొదట రిజెక్ట్‌లు పెరిగినట్టు కనిపించాయి, ఓనర్ కంగారు పడ్డాడు. పెరిగింది తప్పులు కాదు, ఇదివరకు పార్సిల్‌లో కస్టమర్ దగ్గరికి పోయినవి ఇప్పుడు షెడ్డులోనే ఆగుతున్నాయి. తర్వాత అవీ తగ్గాయి, ఎందుకంటే ఏడెనిమిది షర్టులు దాటకముందే బెల్ మోగుతోంది. జాతర సరుకు చాటింపు లోపే పోయింది, ఇరవై కుప్పలూ లెక్కకి సరిపోయాయి. వీధులు మారిన షర్ట్ ఒక్కటీ లేదు. ఒక వీధి వాళ్లు కొన్నిటి మెడ బిగుతుగా ఉందన్నారు, అది బట్ట కుట్టినవాళ్ల సంగతి.

అయితే ఈ సెటప్ అన్ని పనులకూ సరిపోదు. జాతర తర్వాత వాళ్లకి వాటర్ బేస్డ్ ఇంకుతో ఒక ఆర్డర్ వచ్చింది, మెత్తటి ప్రింట్ కావాలన్నారు. ఆ ఇంకులో నీరు ముందు ఆవిరై పోవాలి, తర్వాతే ఉడకడం, అందుకని డ్రయ్యర్‌లో చాలా ఎక్కువసేపు ఉండాలి, లోపల గాలి కూడా ఆడాలి. బెల్ట్ స్పీడ్ బాగా తగ్గించేసరికి ఇవతల అక్కకి షర్టుల కోసం ఎదురుచూపు, అవతల ప్రింటర్ దగ్గర షర్టులు పెట్టడానికి బెల్ట్ మీద చోటు లేదు. ప్రస్తుతానికి ఆ పని రోజు తక్కువ ముక్కలు పెట్టుకుని, ఉదయం పూట, వోల్టేజ్ బాగున్నప్పుడే వేస్తున్నారు. డ్రయ్యర్ పొడవు పెంచడానికి ఇంకో హీటర్ ఛాంబర్ కలపాలా, లేక గాలి తిరిగే రకం డ్రయ్యర్ సెకండ్ హ్యాండ్‌లో చూడాలా అని ఓనర్ తిరుప్పూర్‌కి ఫోన్లు చేస్తున్నాడు.